మందు మాట్లాడుతోంది

"స్టెరాయిడ్ రాశారండీ డాక్టరుగారు," అంది భార్య, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

టైలరు కాళ్ల కింద మిషను ఆగిపోయింది. ఆమె వేళ్లు వాచి ఎర్రబడితే, అదే సర్దుకుంటుందిలే అని నాన్చింది తనే. ఇంతదాకా వస్తుందనుకోలేదు. అన్నం సయించక, మందుల షాపు నడిపే మిత్రుడి దగ్గరికి పరుగెత్తాడు.

ఆ సరుకు మన ఒంట్లోనే, మూత్రపిండాల మీదుండే చిన్న గ్రంథుల్లో పుడుతుందనీ, మందుగా ఇస్తే ఎంతటి వాపునైనా అణిచేస్తుందనీ మిత్రుడు చెప్పాడు. మాత్రలు గట్టి మోతాదులో మింగితే మాత్రం ఆకలి పెరుగుతుందట, నిద్ర పట్టదట, కోపం ముక్కుమీదే ఉంటుందట.

"ఎదురు చెప్పకు. మాట్లాడేది ఆవిడ కాదు, మందు అనుకో."

టైలరు ఇంటికొచ్చి అదంతా భార్యకి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, కోపం సంగతి ఇంకోసారి చెప్పించుకుంది.

మర్నాటికల్లా మందు తలకెక్కింది. ఆమె గదిలో తలుపేసుకుని మందు వాడి వచ్చేది. రాత్రి నిద్ర లేదంటూ బారెడు పొద్దెక్కేదాకా పడుకునేది. ఆకలంటూ, అతను బీరువాలో దాచుకున్న బిస్కెట్లన్నీ ఊదేసింది. రోజూ వేళకి మేడ దిగొచ్చి భోంచేసి వెళ్లే ఆడపడుచుతో, ఒక మధ్యాహ్నం మెల్లిగా అనేసింది.

"వదినా, మీ కంచం మీరు కడుక్కోండి."

"మందక్కా, మందు," అని టైలరు గుసగుసగా సర్దిచెప్పబోయాడు. అక్క ఇంకో అర్థం తీసి బుగ్గలు నొక్కుకుంది.

మిగతా అంట్లన్నీ అతనే తోమాడు. అతను తోముతుంటే, పెళ్లయిన కొత్తలో తప్ప నోరు విప్పి పాడని మనిషి తీరుబడిగా కూనిరాగం తీసేది. అదీ మందు మహిమే అనుకుని గుండె దిటవు చేసుకున్నాడు.

వాపు పోయింది. కోపం పోలేదు. ఇక లాభం లేదని ఆమెకి చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.

"నేనెలాగోలా పడతానండీ. ఆవిడ ఒంటికే ఏమవుతుందోనని భయం. ఆ మాత్రలు కాస్త తగ్గించండి."

డాక్టరు కళ్లజోడు తీసి అతన్ని ఎగాదిగా చూశాడు.

"నేనిచ్చింది చేతులకి రాసుకునే క్రీమండీ."