ఐలా ఇంటి మలుపు

రైమో కారు ఆ శుక్రవారం కూడా ఐలా ఇంటి ముందు మలుపులో జారి, పక్కనున్న గుంటలోకి ముక్కు దూర్చి ఆగింది.

వంటింటి కిటికీలోంచి చూస్తున్న ఐలా కాఫీకి నీళ్ళు పెట్టి, బూట్లు తొడుక్కుని ట్రాక్టరు తీసింది. ఈ చలికాలంలో ఇది ఐదోసారి.

మొదటిసారి పడ్డప్పుడు మంచు తుఫాను. ఉత్తర ఫిన్లాండులో అలాంటి రోజున ఎవరి కారైనా జారుతుంది, ఎవరూ నవ్వరు. రెండోసారికి నవ్వుకుంటారు. ఐదోసారికి మనిషి ఎదుటే నవ్వుతారు.

"రైమో గారూ, మీ కారు మా గుంట మీద మనసు పడ్డట్టుంది," అంది ఐలా గొలుసు తగిలిస్తూ.

"దానికి నా మాటంటే లెక్కలేదండీ," అన్నాడు రైమో, టోపీ మీది మంచు దులుపుకుంటూ.

ఆ దారి ఐలా ఇల్లు దాటాక సరస్సు దగ్గర ఆగిపోతుంది. చలికాలంలో అటు పోయేది రైమో ఒక్కడే. కిందటి శరదృతువులో కుహ్మో పట్నానికి కొత్తగా వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ ఒంటరివాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం గడ్డకట్టిన సరస్సుకి కన్నం వేసి, గాలం పట్టుకుని కూర్చుంటాడు. ఏం ఉద్యోగమో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. అక్కడివాళ్ళు అంత తొందరపడి ఒకరి సంగతులు ఒకరు అడగరు.

కారు పైకి లాగాక వంటింట్లో కాఫీ, యాలకుల బన్నులు. ఇద్దరూ కలిసి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. భర్త పోయిన నాలుగేళ్ళుగా ఆ వంటింట్లో గోడ గడియారం తప్ప పలకరించే దిక్కు లేని ఐలా, ఆ పది మాటల కోసం శనివారం నుంచే ఎదురుచూసేది. రమ్మని పిలవచ్చు కదా అంటే, అది అయ్యేపని కాదు. పనిలేకుండా ఒకరి గుమ్మం తొక్కడం అక్కడ మర్యాద కాదు. తొక్కమని పిలవడం అంతకన్నా మొహమాటం. గుంటలో పడ్డ కారు మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేని కారణం.

ఆమె మరిది తౌనో రోడ్ల మీద ఇసుక చల్లే లారీ నడుపుతాడు. అతనికి ఇదంతా పెద్ద వేడుక.

"ఆయన్ని నడిచి రమ్మను వదినా, కారుకన్నా ముందే చేరతాడు," అనేవాడు. అంతలోనే బుర్ర గోక్కునేవాడు. "అయినా ఈ ఒక్క మలుపుకే ఏం రోగం? గురువారం ఇసుక చల్లితే శుక్రవారానికి మళ్ళీ అద్దంలా తయారవుతుంది. కింద ఊట ఏదో ఉండుంటుంది."

"ఉండుంటుంది," అంది ఐలా, అతని పళ్ళెంలో ఇంకో బన్ను వేస్తూ.

ఆరోసారి కారు గుంటలోకి పోలేదు. గిర్రున తిరిగి, గేటు పక్కనున్న చెట్టుకి మూరెడు దూరంలో ఆగింది. రైమో నవ్వుతూనే దిగాడు. ఐలా మాత్రం నవ్వలేకపోయింది. ఈ మనిషికి ఏమన్నా అయితే ఆ పాపం తనదే అనుకుంది.

తర్వాతి వారం తౌనో చల్లిన ఇసుక ఇసుకగానే ఉంది. మలుపంతా తిరగలి రాయిలా గరగరలాడుతోంది. పసిపిల్ల సైకిలు తొక్కినా జారదు.

రైమో కారు మెల్లగా వచ్చింది. మలుపులో ఒకసారి ఊగింది. తిన్నగా వెళ్ళి గుంటలో కూర్చుంది.

ఐలా గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇసుక మీద కూడానా?"

"నా తలరాతండీ," అన్నాడు రైమో.

అప్పుడు తెలిసింది ఐలాకి, తప్పు రోడ్డుది కాదని. ఇతనికి బండి నడపడమే రాదు. ఇలాగే వదిలేస్తే ఇవాళ కాకపోతే రేపు ఏ చెట్టుకో గుద్దుకుంటాడు.

సోమవారం కుహ్మోలో డ్రైవింగు బడికి బయల్దేరింది, అతనికి మంచు మీద నడిపే పాఠాలు కానుకగా ఇద్దామని. నేర్చుకుంటే ఇక జారడు. జారకపోతే ఆమె తలుపు తట్టడు. ముప్ఫై కిలోమీటర్లూ ఇదే మనసులో మెదిలింది. రెండుసార్లు బండి వెనక్కి తిప్పుదామనుకుంది. ఒంటరిగా కాఫీ తాగడం తనకి కొత్తేమీ కాదు, మనిషి ఎక్కడో చోట ప్రాణాలతో ఉంటే చాలు అనుకుని ముందుకే పోనిచ్చింది.

"నాక్కాదమ్మా, మా దారిన వచ్చే ఒకాయనకి," అంది అక్కడి గుమాస్తా అమ్మాయితో. "తోపుడుబండి కూడా చేతికివ్వకూడని మనిషి."

ఆ అమ్మాయి నవ్వి, మా మాస్టారు ఎలాంటివాళ్ళనైనా దారికి తెస్తారని భరోసా ఇచ్చింది. మంచు మీద నడపడం నేర్పడమే పాతికేళ్ళుగా ఆయన వృత్తి అంటూ కిటికీలోంచి చూపించింది.

బయట నున్నటి మంచు మైదానం. ఒక కారు రివ్వున వచ్చి, రెండు చుట్లు బొంగరంలా తిరిగి, రెండు కర్రల మధ్య సందులో వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడింది. పక్క సీట్లో పాలిపోయిన శిష్యుడు. తలుపు తీసుకుని దిగిన గురువు రైమో.

"ఆయన పేరు చెప్పండి, రాసుకుంటాను," అంది ఆ అమ్మాయి.

"అక్కర్లేదమ్మా. ఆయనకి బాగానే వచ్చు."

బయటికొచ్చి కార్లో కూర్చుంది ఐలా. చెంపలు వేడెక్కాయి. నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

మొన్న ఒక్కవారం తప్ప నెలన్నరగా ప్రతి శుక్రవారం తెల్లారకముందే లేచి, వేళ్ళు కొంకర్లు పోతున్నా లెక్కచెయ్యకుండా ఆ మలుపు నిండా తాను పోసి గడ్డకట్టించిన బకెట్ల నీళ్ళన్నీ దండగేనన్నమాట.