తాళాల బుట్ట

తడిగుడ్డ పెట్టి తుడవకూడదని ఆమెకి ఎవరు చెప్పొచ్చారు?

ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. ఎక్కడ దుమ్ము కనిపించినా చేతులు ఊరుకోవు. పైగా పెళ్ళై ఈ ఇంట్లో అడుగుపెట్టి రెండు నెలలే. ఆ ఉత్సాహంలో, ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, గుమ్మం పక్కన గోడకి వేలాడే తాళాల బుట్టని కూడా ఓ పట్టు పట్టింది.

పాత క్యాలెండర్ కాగితాల్ని చీపురుపుల్లకి చుట్టి, సన్నటి గొట్టాలు చేసి, చాపలా అల్లిన బుట్ట అది. మూడు అరలు. పైన తాళాలు, మధ్యలో దువ్వెన, కింద కరెంటు బిల్లులు. తుడుస్తుంటే గుడ్డ గోధుమరంగుకి తిరిగింది. 'అమ్మో, ఎన్నాళ్ళ మురికో!' అనుకుని ఇంకాస్త నీళ్ళు చల్లి రుద్దింది. అంతే. గొట్టాలు ఉబ్బాయి, జిగురు వదిలింది, మూడు అరలూ ముద్దయి చేతిలోకి వచ్చేశాయి.

ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి.

పోవా మరి! అది భర్త మొదటి భార్య చేసిన బుట్ట. ఆవిడ పోయి మూడేళ్ళు. ఫోటో కన్నా ఆ బుట్టనే ఎక్కువ చూసుకుంటాడు ఆయన. పొద్దున్నే బస్సు డ్యూటీకి వెళ్తూ బండి తాళం తీసుకుని, బుట్టని ఒకసారి తడిమి గానీ గడప దాటడు. ఇక కూతురు చిట్టి సంగతి చెప్పనే అక్కర్లేదు. పన్నెండేళ్ళ పిల్ల. వారానికోసారి తనే పొడి బ్రష్షుతో దాన్ని దులుపుతుంది, ఇంకొకరిని దగ్గరికి రానివ్వదు. మొదటిరోజు ఆమె అటు చెయ్యి చాపగానే, "ముట్టుకోకండి!" అని ఇల్లు అదిరిపోయేలా అరిచింది.

"వాళ్ళమ్మ గుర్తు కదా. మెల్లగా అదే సర్దుకుంటుందిలే," అన్నాడు భర్త.

చిట్టి సర్దుకోలేదు. వచ్చినావిడని అమ్మా అనదు, పిన్నీ అనదు. "తలుపు వేసుకోవాలట," "స్కూలుకి టైమైందట," అని గోడతో చెబుతుంది. ఒక్క పిలుపు కోసం ఆమె చెయ్యని వంట లేదు, కొనని రిబ్బను లేదు. ఇప్పుడీ నిర్వాకం తెలిస్తే ఇంకేం పిలుస్తుంది!

ఆ రోజు ఆమెకి సెలవు. తండ్రీకూతుళ్ళు సాయంత్రం దాకా రారు. ముద్దని విప్పి విప్పి అల్లిక అర్థం చేసుకుంది. మైదా ఉడకబెట్టి జిగురు కాచింది. అటక మీది పాత క్యాలెండర్లు దించింది. చుట్టింది, అల్లింది, ఫ్యాను కింద పెట్టింది, అప్పటికీ ఆరకపోతే ఇస్త్రీపెట్టె తెచ్చింది. తీరా చూస్తే నిన్న కొన్నట్టు తెల్లగా మెరుస్తోంది! తల పట్టుకుంది. ఆఖరికి టీ డికాషన్ కాచి దూదితో అద్దింది. హమ్మయ్య, పాతబడింది. తడి ముద్దని పేపర్లో చుట్టి, వీధి చివర చెత్తకుండీలో వేసి, వెనక్కి చూసుకుంటూ ఇంటికొచ్చింది.

"ఏమిటో జిగురు వాసన వస్తోందే?" అన్నాడు భర్త వస్తూనే.

"నేనేం చెయ్యలేదండీ!" అంది ఆమె. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే.

ఆయన తాళం బుట్టలో వేసి, అలవాటుగా తడిమాడు. "చూశావా, ఇన్నేళ్ళయినా చెక్కు చెదరలేదు. ఏం పనితనం!"

ఆ పూట ఆమెకి అన్నం దిగలేదు.

ఆదివారం ఆయన అక్క భోజనానికి వచ్చింది. బుట్ట ముందు నిలబడి కళ్ళు ఒత్తుకుంది. "ఇలాంటి అల్లిక ఇప్పుడెవరికి వస్తుందమ్మా? ఏమీ అనుకోకు గానీ, నువ్వూ ఇలాంటివి నాలుగు నేర్చుకోరాదూ?"

"నేర్చుకుంటా వదినా," అంది ఆమె. నేర్చుకున్నది కాస్తా ఎదురుగా గోడకే వేలాడుతోంది! నవ్వు రావాల్సిన చోట ఏడుపొచ్చింది. పోయినావిడ సొత్తు కాజేసినట్టు ఒళ్ళంతా కంపరంగా ఉంది.

చిట్టి కంచంలోంచి తల ఎత్తలేదు. అత్త పొగుడుతున్నంతసేపూ ముద్ద నోట్లోనే ఉంచుకుంది. అందరూ లేచాక బుట్ట దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడింది. వేలితో ఒక గొట్టాన్ని నొక్కి చూసింది. తర్వాత తిరిగి ఆమె వంక చూసింది.

ఆమె తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి జారుకుంది.

ఇక లాభం లేదు. రోజూ చచ్చేకంటే ఒక్కసారే చావడం నయం. మర్నాడు చిట్టి స్కూలు నుంచి రాగానే ఎదురుగా కూర్చోబెట్టుకుని, నేల చూపులు చూస్తూ చెప్పేసింది. తడిగుడ్డ దగ్గర్నుంచి డికాషన్ దాకా ఏదీ దాచలేదు.

"మీ అమ్మ చేసినదాన్ని చేతులారా పాడుచేశాను. పైగా ఇన్నిరోజులు నాటకమాడాను. తిట్టు, కొట్టు, నీ ఇష్టం. రాత్రికి మీ నాన్నకీ నేనే చెప్తాను."

చిట్టి మొహం పాలిపోయింది. గబగబా లేచి వెళ్ళి వీధితలుపు గడియ పెట్టొచ్చింది. వచ్చి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాన్నకి చెప్పొద్దు పిన్నీ," అంది వెక్కుతూ, "అమ్మ చేసింది పోయినేడే నా చేతుల్లో చిరిగిపోయింది, నువ్వు తడిపింది నేను అల్లిన బుట్ట!"