సీసా మీద పేరు

"మీ అమ్మ పేరు తీసెయ్ సంతోషం. మా అత్తగారి పేరు పెట్టించు," అంటూ రాజ్యం చీటీని ఇవతలికి తోసింది.

పచ్చడి సీసాల మీద అంటించాల్సిన చీటీ అది. షహనాజ్ గుండ్రటి అక్షరాలతో రాసింది: మార్తమ్మ పండుమిరప పచ్చడి. మధ్యాహ్నం బస్సుకు ఆమె గుంటూరు వెళ్ళి అలాంటివి వెయ్యి అచ్చు వేయించుకు రావాలి.

సంతోషకుమారి రోటి ముందు నుంచి లేవలేదు. ఊళ్ళో ఆడవాళ్ళ పొదుపు గ్రూపుకి రాజ్యం లీడరు, షహనాజ్ లెక్కలు రాస్తుంది. పెరడు ఆమెది, రోలు ఆమెది, కాయలు ఆమె చేలోవి. పచ్చడి మాత్రం సంతోషకుమారిది. ఒక్కొక్క కాయనీ పాత నూలుగుడ్డతో తుడిచి, నీడపట్టున ఆరబెట్టి, తొడిమ తీసి, ఉప్పేసి దంచుతుంది. చింతపండు నడుమ పెట్టి జాడీకెత్తి, మూడోనాడు బయటికి తీసి మళ్ళీ రుబ్బుతుంది. మెంతులు వేయించి మెత్తగా నూరాల్సొస్తే మిక్సీని దగ్గరికి కూడా రానివ్వదు. మొన్న చిలకలూరిపేటలో స్టాలు పెడితే, పూట తిరక్కముందే ముప్పై సీసాలూ ఊడ్చుకుపోయాయి.

"మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను కదండీ. అమ్మ పేరే ఉండాలండి," అంది.

"మీ అమ్మ ఎక్కడ నేర్చుకుంది? ఈ రోటి దగ్గరేగా. మా అత్తగారు పేరమ్మగారి పచ్చడంటే ఒంగోలు దాకా పేరు. నేను కాపురానికి వచ్చేసరికే ఆవిడ పోయారు. అయినా ఈ గడప తొక్కిన చుట్టం ఎవరూ ఆ పచ్చడి తలుచుకోకుండా వెళ్ళేవాళ్ళు కాదు."

"మా అమ్మ కూడా ఇక్కడ దంచిందిగా అండి."

"దంచింది. నేను కాదన్నానా? కానీ ఉప్పు పడ్డాక కూలికొచ్చినవాళ్ళని రోలు ముట్టుకోనిచ్చేవాళ్ళా ఆ రోజుల్లో? మీ పల్లెవాళ్ళని అసలే ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. అక్కణ్ణుంచి అంతా వంటింట్లోనే. కలిపింది మా అత్తగారు. పక్కనుండి చూసి పట్టేసింది మీ అమ్మ."

"ఇప్పుడు ఉప్పు పడ్డాక మీరే ముట్టుకోవట్లేదుగా రాజ్యమ్మగారూ," అంది షహనాజ్.

"నువ్వు నోరు ముయ్యవే. నాకు అరచేతులు పొక్కుతాయి."

ఈ ఇంటి సంగతులు సంతోషకుమారికి తల్లి ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు. పత్తి తీసింది, మిరపకాయలు కోసింది, పలక పట్టకుండానే పోయింది. ఆమె పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా అచ్చులో పడలేదు. చర్చి వెనక సమాధి మీద రాయి కూడా పెట్టలేకపోయారు. ఈ ఒక్క చోటైనా మార్తమ్మ అని పడాలి. సంతోషకుమారి పట్టుదల అంతా అదే.

"ఎవర్నైనా అడగండి," అంది చివరికి. "ఇది మా అమ్మ రుచండి."

"అడుగుదాం. మా అత్తగారి సొంత చెల్లెలు నల్లపాడు నుంచి వచ్చి లోపలే ఉంది. తిని, మా అక్క పచ్చడి కాదంటే మీ అమ్మ పేరే వేయించుకో. ఔనంటే?"

"ఔనంటే మీ అత్తగారి పేరేనండి."

"అక్కా, తొందరపడుతున్నావు," అని షహనాజ్ గొణిగింది. సంతోషకుమారి తల అడ్డంగా ఊపింది. తన చేతిమీద తనకి అంత నమ్మకం.

ఎనభై దాటిన కోటమ్మ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. షహనాజ్ వేడన్నంలో పచ్చడీ, నూనే వేసి పళ్ళెం అందించింది. ముద్ద నోట్లో పెట్టుకుని ముసలావిడ కళ్ళు మూసుకుంది. ముక్కు తుడుచుకుంది. ఇంకో ముద్ద కలిపింది.

"అదే," అంది.

"అదే అంటే ఏంటత్తయ్యా?" అంది రాజ్యం.

"మా అక్కింట్లో తిన్నదే. నలభై ఏళ్ళయింది నాలిక మీద పడి. వెంట్రుకవాసి తేడా లేదు. ఇంకాస్త అన్నం పెట్టు."

రాజ్యం ముఖం చాటంతయింది. "విన్నావుగా సంతోషం. నేను ఊరికే అనలేదు. షహనాజ్, రాసుకో. పేరమ్మగారి పండుమిరప పచ్చడి."

షహనాజ్ పెన్ను తీసింది గానీ చెయ్యి సాగలేదు. సంతోషకుమారి వంక చూసింది.

"రాయి షహనాజ్," అంది సంతోషకుమారి. "మాటిచ్చాం. మా అమ్మైనా అదే చెప్పేది."

షహనాజ్ చీటీ మీద అడ్డంగా గీత పెట్టింది.

"ఏం కొట్టేస్తున్నావే పిల్లా?" అంది కోటమ్మ ముద్ద మింగి.

"మార్తమ్మ అన్న పేరు మామ్మగారూ. వీళ్ళమ్మ."

ముసలావిడ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని సంతోషకుమారిని తేరిపార చూసింది. "నువ్వు మార్తమ్మ కూతురివా?"

"అవునండి."

"కొట్టెయ్యకు," అంది కోటమ్మ షహనాజ్‌తో. "మళ్ళీ రాయి. పెద్దక్షరాలతో రాయి."

"అదేంటత్తయ్యా," అంది రాజ్యం. "ఇది అత్తగారి పచ్చడేనని ఇప్పుడేగా అన్నారు."

కోటమ్మ వేళ్ళకంటిన పచ్చడి నాకి, తీరిగ్గా చెప్పింది.

"మా అక్క తలుపేసి మార్తమ్మ చేతే కలిపించేది."