కెమెరాదే తప్పు

"కారు ఎవరు నడిపారో మాత్రం చచ్చినా చెప్పకండి," అన్నాడు క్లిఫ్, ఫ్లాస్కులోని టీ మూతలోకి వంచుకుంటూ. "వాళ్ళ గాలం అదే. మన నోటితోనే పేరు చెప్పిస్తారు, ఆ పేరు పట్టుకుని పీక్కుతింటారు."

ప్రతి మంగళవారం ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ ఊరి లైబ్రరీలో క్లిఫ్ బల్ల దగ్గర ఎవరో ఒకరు ఉంటారు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ప్రైవేటు పార్కింగ్ కంపెనీలంటే ఒళ్ళుమంట. ఎవరికి జరిమానా నోటీసు వచ్చినా పైసా పుచ్చుకోకుండా అర్జీ రాసిపెడతాడు.

ఎదురుగా డోరీన్ కూర్చుని ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. కుర్చీ చూపించినా కూతురు లోరెయిన్ మాత్రం కూర్చోలేదు.

"దాచడానికేముందండీ? నడిపింది నా తమ్ముడు నీల్," అంది లోరెయిన్. "మా నాన్న పోయిన రోజు. గేటు కెమెరా లెక్క ప్రకారం ఆసుపత్రి కార్ పార్కులోకి మధ్యాహ్నం రెండింటికి వచ్చిందట కారు. నాన్న పోయింది ఆరింటికి. వీడు పైకొచ్చింది ఆరున్నరకి. మోటర్‌వే మీద యాక్సిడెంటయింది, ట్రాఫిక్కులో ఇరుక్కుని కదల్లేకపోయానన్నాడు. మరి రెండింటికే కింద ఉన్న కారు ఎవరిది?"

"కెమెరాదే తప్పు," అంది డోరీన్.

"అదీ మాట!" క్లిఫ్ బల్ల చరిచాడు. "ఆ దిక్కుమాలిన కెమెరాలు ఒకరి నంబరు ఇంకొకరికి అంటగడతాయి. కిందటి నెల ఒకాయనకి నోటీసొచ్చింది. ఆయన కారు షెడ్డులో చక్రాల్లేకుండా పడుంది! ఫోటోలన్నీ పంపమని నిలదీద్దాం."

"ఫోటోలెందుకు నాయనా?" డోరీన్ కంగారుపడింది. "రద్దు చేస్తే చాలు."

"అమ్మ వరసే అంత. నోరెత్తకుండా కట్టేద్దామంది. నేనే లాక్కొచ్చాను," అంది లోరెయిన్. "కడితే నిజమని ఒప్పుకున్నట్టు కాదా? నీల్ వచ్చాడా, నీల్ వచ్చాడా అని నాన్న పదకొండుసార్లు అడిగాడండీ. నేను లెక్కపెట్టాను. కెమెరాది తప్పయితే వాళ్ళ చేత ఆ మాట అనిపించండి. లేదంటే వాడి మొహం ఈ జన్మలో చూడను."

డోరీన్ కూతురి వైపు చూడలేదు.

"ఆ రోజు సంగతి రెండు ముక్కలు చెప్పండి డోరీనమ్మా, అర్జీలో రాస్తాను," అన్నాడు క్లిఫ్.

"చెప్పడానికేముంది? మూడో అంతస్తు. కిటికీ పక్కనే మంచం. వెలుతురు మా ఆయన హ్యారీ కళ్ళలో పడుతోందని తెర వేశాను. వచ్చేస్తున్నాడు, దారిలో ఉన్నాడు అని చెబుతూనే ఉన్నాను. ఆ కారు హ్యారీదే. పోయిన ఏడాది కొడుక్కిచ్చేశాడు. కాగితాలు నా పేర్న ఉన్నాయి కాబట్టి నోటీసు నాకొచ్చింది."

"ఏం రంగు?"

"ఆవపిండి రంగు. ఊరంతా వెతికినా అలాంటిది ఇంకోటి దొరకదు."

క్లిఫ్ రాసుకున్నాడు. ఫోటోల సంగతి కూడా రాశాడు, పెద్దావిడ వద్దన్నా సరే.

మూడు వారాలకు లైబ్రరీకే జవాబొచ్చింది. క్లిఫ్ నిలబడి చదివాడు. కూర్చుని మళ్ళీ చదివాడు.

మొదటి కాగితంలో జరిమానా రద్దు అని ఉంది. రెండో కాగితంలో కారణం రాశారు. కెమెరా తప్పేమీ లేదట. రెండింటి నుంచీ కారు అక్కడే ఉందట. కాపలా మనిషి అద్దం మీద కొడితే, లోపలి మనిషి ఏడుస్తూ, "మా నాన్న పైన పోతున్నాడు, చూసే ధైర్యం నాకు లేదు" అన్నాడట. ఆరు దాటేదాకా కారు దిగలేదట. కాపలా మనిషి ఆ రోజే ఇదంతా రాసిపెట్టాడు కాబట్టి మానవత్వంతో వదిలేస్తున్నారట.

ఈ కంపెనీల్లో ఒక్కడైనా మనిషిలా ప్రవర్తిస్తే చూడాలని క్లిఫ్ ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నాడు. ప్రవర్తించక ప్రవర్తించక ఇప్పుడా ప్రవర్తించేది!

డోరీన్ మెల్లగా వచ్చి కూర్చుంది.

"లోరెయిన్ రాలేదా?"

"వస్తుంది. పార్కింగుకి డబ్బులడగని వీధి ఎక్కడుందా అని కారేసుకుని తిరుగుతోంది. ఏమన్నారు నాయనా?"

"గెలిచాం డోరీనమ్మా."

మొదటి కాగితం ఆమె చేతికిచ్చాడు. రెండోది ఫైళ్ళ కిందికి తోశాడు. ఆమె చూసింది.

లోరెయిన్ రొప్పుతూ వచ్చింది. "ఏమన్నారండీ? ఎవరిది తప్పట?"

క్లిఫ్ ముసలావిడ వైపు చూశాడు.

"కెమెరాదే తప్పు."

లోరెయిన్ అప్పుడు కూర్చుంది. రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. "అయ్యో, వాణ్ణి ఎంతెంత మాటలన్నాను! అంత్యక్రియల్లో పక్కన కూడా నిలబడనివ్వలేదమ్మా వాణ్ణి." గబగబా లేచి ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళింది.

డోరీన్ చెయ్యి చాపింది.

"ఆ కింద దాచిన కాగితం ఇలా ఇవ్వు."

"ఏం లేదమ్మా. మామూలు సోది."

"ఇవ్వు నాయనా."

ఇచ్చాడు. ఆమె చదవడానికి కళ్ళజోడు బయటికి తియ్యలేదు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకుంది. గాజు తలుపు అవతల లోరెయిన్ ఫోన్లో తమ్ముడితో మాట్లాడుతూ ఏడుస్తోంది, నవ్వుతోంది.

"చదవకుండానే చింపేశారేంటమ్మా?" అన్నాడు క్లిఫ్.

"ఆ రోజు తెర వేసింది వెలుతురుకి కాదు క్లిఫ్, కింద ఆ కారు హ్యారీ కంట పడకూడదని."