దణ్ణాలకి గడి లేదు

సీసాలో కదులుతున్న నల్ల పురుగుల్ని చూసి క్యూలో ఉన్న ఆవిడ కెవ్వుమంది.

గేటు కాపలాదారు పరుగున వచ్చాడు.

"ఏంటయ్యా అది? ఆఫీసనుకున్నావా, సంతనుకున్నావా?"

"ధాన్యం పురుగులండీ. కరవవు. మధ్యాహ్నంలోగా ఎన్నున్నాయో రాసుకోవాలి, అందుకని వెంట తెచ్చాను," అన్నాడు సీసా పట్టుకున్న మనిషి. మోచేతుల దగ్గర వెలిసిపోయిన కోటు. చంకలో లావుపాటి ఫైలు.

"బయట పెట్టు."

"ఎండలో పెట్టకండి, చచ్చిపోతాయి."

"వాటికి కూడా పర్మిట్ ఉందా?"

క్యూ అంతా నవ్వింది. సీసా బయటికెళ్ళి మెట్ల మీద, సరిగ్గా ఎండలోనే కూర్చుంది.

పరాయి దేశాల నుంచి వచ్చిన పరిశోధకులకు శాశ్వత నివాసం ఇచ్చే ఆఫీసు అది. ఇస్తుందని బోర్డు మీద రాసి ఉంది.

అద్దం వెనక గుమస్తాకి ముప్ఫై ఏళ్ళ సర్వీసు. శాస్త్రమంటే అక్షరం ముక్క రాదు. రానక్కర్లేదు కూడా. ప్రతి దరఖాస్తూ సీలు వేసిన కవర్లో ఒక నిపుణుడి దగ్గరికి వెళ్తుంది. ఆ నిపుణుడి పేరు గుమస్తాకి తెలియదు, నంబరే తెలుసు. పేరూ చిరునామా డిస్పాచ్ గదిలో అమ్మాయికి తెలుసు, కవర్లో ఎవరి ఫైలుందో ఆమెకు తెలియదు. తానెవరో బయటపెట్టనని నిపుణుడు కూడా సంతకం చేసి ఉంటాడు. ఎవరికీ ఏమీ తెలియకుండా న్యాయం జరగాలని పెద్దవాళ్ళు చేసిన ఏర్పాటు.

పంటల ఫైళ్ళు, పురుగుల ఫైళ్ళు అన్నీ పదిహేడో నంబరుకి. ఆ నంబరంటే గుమస్తాకి ఎనిమిదేళ్ళుగా గురి.

"మా పదిహేడు మనిషి కాదమ్మాయ్, దేవుడు," అనేవాడు డిస్పాచ్ అమ్మాయితో. "మూడో రోజుకల్లా జవాబు. నచ్చినవాడి ఫైలు మీద చివర ఒకటే మాట రాస్తాడు. 'ఈ మనిషి వెళ్ళిపోతే నష్టం మనకే' అని. ఇక నేను కళ్ళు మూసుకుని ముద్ర కొట్టేస్తాను."

సీసా మనిషి వంతు వచ్చింది.

"రండి రండి, పురుగుల మాస్టారూ! పదకొండేళ్ళుగా ఏడాదికో పర్మిట్ మీద నెట్టుకొస్తున్నారు. పురుగుల్ని లెక్కపెట్టేవాళ్ళు లేక ఈ దేశం గొడ్డుపోయిందా?"

"మందు కొట్టకుండా గింజని కాపాడొచ్చండీ. ఇంకో రెండేళ్ళు ఇక్కడుంటే చాలు..."

"అది కుదరదు. మీ ఫైలు నిపుణుడి దగ్గర్నుంచి తిరిగొచ్చింది." గుమస్తా కాగితాన్ని అద్దానికి ఆనించి చూపించాడు. "'సిఫారసు చేస్తున్నాను', 'సిఫారసు చేయడం లేదు'. ఉన్నవి రెండు గడులు. దేన్లోనూ టిక్కు లేదు. టిక్కు లేకపోతే వద్దన్నట్టే. రూలు."

"కింద ఏదో రాసి ఉంది కదండీ."

"ఇంకొకరికి పంపమని రాశాడు. ఇంకొకరికి పంపే గడి ఫారంలో లేదు."

"ఆయన అభిప్రాయం చెప్పకూడని కారణం ఏదైనా ఉండొచ్చు."

"ఏం కారణం? చెప్పండి, వింటాను."

మాస్టారు చంకలో ఫైలు సర్దుకున్నాడు.

"చెప్పలేనండీ."

"ఏం చెబుతారులెండి! అంత పెద్దమనిషి మీ ఫైలు ముట్టుకోడానికే ఇష్టపడలేదంటే, మీ సరుకేపాటిదో తెలియడంలా?"

"ఒక్కసారి ఇంకొకరికి పంపి చూడండి. మీకు దణ్ణం పెడతాను."

"దణ్ణాలకి గడి లేదు మాస్టారూ."

ముద్ర ధన్‌మని పడింది. తిరస్కరణ. పది రోజుల్లో దేశం విడిచి పోవాలి.

బయట మెట్ల మీద సీసా పొయ్యి మీది గిన్నెలా కాగిపోయి ఉంది. పురుగులన్నీ అడుగున వెల్లకిలా పడి ఉన్నాయి.

మాస్టారు ఆ మెట్టు మీదే కూర్చుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఒక్కొక్కటే లెక్కపెట్టి రాసుకున్నాడు.

"చచ్చినవాటికి లెక్కెందుకయ్యా?" అన్నాడు కాపలాదారు.

"ఎన్ని చచ్చాయో, ఎందుకు చచ్చాయో రాయాలి కదండీ."

సీసా చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన వంక మళ్ళీ ఎవరూ చూడలేదు.

ఇరవై రోజులు గడిచాయి. గుమస్తా బల్ల మీద పనులు ఆగిపోయాయి. పదిహేడో నంబరు నుంచి ఒక్క జవాబూ లేదు.

"ఆరు ఫైళ్ళు అడ్డంపడ్డాయమ్మాయ్. పైవాళ్ళు నా నెత్తిన కూర్చున్నారు. మా పదిహేడుకి ఒంట్లో బాగాలేదేమో కనుక్కో."

డిస్పాచ్ అమ్మాయి కవర్ల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆరింటికీ సీలు అలాగే ఉంది.

"అన్నీ తిరిగొచ్చాయి గుమస్తాగారూ. ఇల్లు ఖాళీ చేసి దేశం వదిలి వెళ్ళిపోయారని పోస్టుమాన్ రాశాడు."

"వెళ్ళిపోవడమేంటి? ఎక్కడికి? ఎందుకు?"

"నాకేం తెలుసండీ? నంబరు చూసి చిరునామా అంటించడమేగా నా పని."

గుమస్తాకి ఒళ్ళు మండిపోయింది. బల్ల మీద గుద్దాడు.

"అంతటివాణ్ణి పోనిస్తారా! ఏ దున్నపోతు పంపించేశాడో గానీ, వాడి చేతులు విరగ్గొట్టాలి!"

అమ్మాయి పై కవరు ఆయన వైపు తిప్పింది.

ఎనిమిదేళ్ళలో మొదటిసారి పదిహేడో నంబరు పేరు చదివాడు గుమస్తా. ఇరవై రోజుల కిందట తాను ముద్ర గుద్దింది ఆ పేరు మీదే.