ముందు వరస

"ఇయ్యాల దగ్గేవంటే మాత్రం సూస్కో మావా," అంది అప్పలమ్మ, సిరప్ మూత మొగుడి నోటికి అందిస్తూ.

జ్ఞానానందం ఒక్క గుక్కలో తాగేశాడు. బుగ్గన లవంగం ఉంది. చేతిలో మడిచిన తువ్వాలుంది. విజయనగరంలో ఆ హాలు కిటకిటలాడిపోతోంది. ముందు వరసలో, సరిగ్గా నడిమధ్యన, మొగుడూ పెళ్ళాలిద్దరూ కూర్చున్నారు.

ఇంకాసేపట్లో వాళ్ళమ్మాయి మెర్సీ పాడబోతోంది. ఇటలీలో చదువుకుని, ఒపెరాల్లో దేశదేశాలా పాడిన మెర్సీ సొంత జిల్లాలో పాడటం ఇదే మొదలు. పైగా ఇవాళ రికార్డింగు. విదేశీ కంపెనీ ఒకటి డిస్కు తీస్తోంది. పాట మధ్యలో దగ్గు పడిందా, ఇక ఎప్పటికీ అందులోనే ఉండిపోతుంది.

ఒపెరా అంటే మన పద్యనాటకం లాంటిదే. మైకు ఉండదు, అంతే తేడా. గొంతు ఎంతో పాట అంత. అందుకని హాల్లో జనం ఊపిరి కూడా అడిగి పీల్చుకోవాలి.

జ్ఞానానందానికి అదే వచ్చింది చిక్కు. జూట్ మిల్లులో పని మానేసి ఏళ్ళయినా నార దుమ్ము ఆయన గొంతును వదల్లేదు.

మెర్సీ కొత్త వేషం కట్టినప్పుడల్లా మొదటి ఆటకి అమ్మానాన్నల్ని రప్పించుకుంటుంది. మొదట్లో ఆయన కూతురి కోసం వెళ్ళాడు. తర్వాత పిచ్చి పట్టుకుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, స్టేజీ మీద ఎవరైనా పాడుతూ పాడుతూ చచ్చిపోతుంటే కళ్ళు తుడుచుకోలేక అవస్థ పడేవాడు. ఇప్పుడు వాళ్ళింట్లో కోళ్ళ కంటే ముందు ఇటాలియన్ పాట నిద్ర లేస్తుంది.

ఆ సంతోషమంతా ఒక్క దగ్గు చెడగొట్టేది. మిలాన్‌లో మెర్సీ నోరు తెరవబోతుండగా వచ్చింది. ముత్యాల దండ వేసుకున్న ఒక ముసలావిడ తిరిగి చూసిన చూపుకి ఆయనకి చచ్చినంత పనైంది. వియన్నాలోనూ సరిగ్గా అప్పుడే. పక్క సీటాయన మొహం చూడకుండా ఒక దగ్గు బిళ్ళ చేతిలో పెట్టాడు. సిడ్నీలో టికెట్లు చూసే మనిషి వంగి, తలుపు ఎటుందో చూపించాడు. ప్రతిచోటా మెర్సీ ఆ తర్వాత అద్భుతంగా పాడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈయన మాత్రం తల దించుకునే బయటికొచ్చాడు.

"మాకు ఎనకాల, తలుపు పక్కన ఇయ్యమ్మా సీట్లు," అని ప్రతిసారీ బతిమాలేవాడు.

"ముందు వరసే నాన్నా. మరి మాటాడకు," అనేది మెర్సీ. పిల్లకి తనంటే అంత ప్రేమ. అందుకే మరీ సిగ్గేసేది.

ఇవాళ మాత్రం పిల్ల పరువు తీయకూడదు. పొద్దున ప్రార్థనలో కూడా అదొక్కటే అడిగాడు.

దీపాలు తగ్గాయి. నీలం పట్టుచీరలో మెర్సీ వచ్చి నిలబడింది. పియానో దగ్గర ఇటలీ నుంచి వచ్చిన పెద్దాయన. పక్క తెర చాటున అల్లుడు రాబర్ట్. మెర్సీ ప్రోగ్రాములన్నీ చూసుకునేది అతనే.

జ్ఞానానందం గొంతులో గరగర మొదలైంది. లవంగం కసుక్కున కొరికాడు. గొంతు మండింది. దగ్గు వెనక్కి తగ్గింది.

గెలిచాననుకున్నాడు.

పియానో మొదలైంది. మెర్సీ పాట ఎత్తుకోవలసిన చోటు వచ్చింది. దాటిపోయింది. మెర్సీ ఎత్తుకోలేదు.

పెద్దాయన చిన్నగా నవ్వి మళ్ళీ మొదటికి వచ్చాడు. మళ్ళీ అదే చోటు. మెర్సీ పెదవులు కదిలాయి కానీ గొంతు రాలేదు.

"ఏటైనాది ఆ పిల్లకి?" అని వెనక ఎవరో గుసగుసలాడారు.

మెర్సీ చీకట్లోకి కళ్ళు చికిలించి చూస్తోంది. ఆ లైట్ల ముందు నిలబడితే హాల్లో ఒక్క మొహమూ కనబడదని తనే ఒకప్పుడు చెప్పింది. మరి ఎవరికోసం చూస్తోందో జ్ఞానానందానికి అర్థం కాలేదు. పిల్ల బెదిరిపోయింది, అంతే అనుకున్నాడు.

మిల్లు క్వార్టర్స్‌లో చిన్నప్పుడు ఇలా బెదిరేది కాదు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి తను చాప మీద దగ్గుతూ పడుకుంటే, గోడకి అవతల చర్చి పాటలు సాధన చేసుకునేది. ఆ గోలలో ఎలా పాడేదో పాపం.

దగ్గు మళ్ళీ లేచింది. ఈసారి లవంగానికి లొంగలేదు. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పలమ్మ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దు మావా. పిల్ల అసలే బయపడిపోనాది. నీకు దండం ఎడతాను, వద్దు."

ఇక ఆగడం తన వల్ల కాదని తెలిసిపోయింది. చెయ్యి విడిపించుకుని లేచాడు. వంగి వంగి పక్క తలుపు వైపు నడిచాడు. పియానో మూడోసారి మొదలైంది. స్టేజీ వైపు చూడలేకపోయాడు.

గడియ మీద చెయ్యి వేశాడో లేదో, రాబర్ట్ పరిగెత్తుకుంటూ వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. అల్లుడి మొహం పాలిపోయి ఉంది.

జ్ఞానానందం రెండు చేతులూ జోడించాడు. "ఎల్లిపోతన్నాను బాబూ. బయటికెల్లి దగ్గుకుంతాను. పిల్ల పాటకి అడ్డం రాను," అన్నాడు తువ్వాల్లోంచే.

రాబర్ట్ ఆ తువ్వాలు లాగేసి, ఆయన చెవిలో అన్నాడు: "మీ దగ్గు ఇనబడకుండా మెర్సీ ఏ దేశంలోనూ మొదటి ఆటలో పాట ఎత్తనేదు, బేగి దగ్గండి మావయ్యా!"