రసాల తోట కాపలా

"ఎవరమ్మా నువ్వు? ఈ కట్లు కాస్త విప్పి పుణ్యం కట్టుకో." మంచానికి కట్టేసిన చేతుల్ని గుంజుకుంటూ అడిగాడు సాంబయ్య.

నాంచారమ్మ చక్రాల కుర్చీలోంచి లేవబోయి, పొట్టమీద కుట్లు లాగడంతో మళ్ళీ కూలబడింది. తన కాలేయంలో ముక్క కోసి మొగుడికి అమర్చాక, అతన్ని చూడడం ఇదే మొదలు.

"నేనయ్యా, నాంచారిని," అంటూ మూతికున్న మాస్కు తీయబోయింది.

"తియ్యకండి. ఇన్‌ఫెక్షన్ సోకితే ఆయన తట్టుకోలేరు," అంది నర్సు. "ఇంత పెద్ద ఆపరేషన్ తర్వాత కొందరికి మతి తప్పుతుందండీ. పైపులు పీకేసుకుంటున్నారని కట్టాం. మెల్లిగా సర్దుకుంటారు."

"నాంచారి ఇక్కడెందుకుంటుందమ్మా?" అన్నాడు సాంబయ్య. "ముసునూరులో రసాల తోట కాడ ఒక్కతే ఉంది. చీకటి పడితే దానికి భయం. ఒక్కసారి వదిలితే, చూసొచ్చి నేనే కట్టించుకుంటా."

ముడి ఆమె చేతికందే దూరంలోనే ఉంది. విప్పడానికి లేదు. అతని వేళ్ళు నిమరబోతే, పరాయి ఆడమనిషి తాకినట్టు ముడుచుకున్నాడు.

అప్పుడు చూశాడు, ఆమె పొట్ట పట్టుకుని వంగిపోయి ఉండడం.

"నీకూ కోశారా తల్లీ? ఇలా ఒంటరిగా తిరుగుతున్నావేంటి? నీకెవరూ లేరా?"

మళ్ళీ తన పేరు చెప్పబోయి మింగేసింది నాంచారమ్మ.

"ఉన్నాడండీ," అంది. "తోట కాపలాకెళ్ళాడు. వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను."